నవ్వు ఎవరిది, నవ్వులపాటు ఎవరిది?

మన చదువుల్లో వ్యంగ్యానికి రెండు మార్కులు. అదీ అలంకారాల కింద. వ్యాజస్తుతి లక్షణం రాసి ఉదాహరణ ఇమ్మంటారు. విద్యార్థి రెండూ బట్టీపట్టి కాగితం మీద దించి బయటికొస్తాడు. బయట టీకొట్టు బల్ల మీద ఆ రోజు పేపరుంటుంది. అందులో కార్టూనుంటుంది. పక్కవాడు నవ్వాడు కాబట్టి ఇతనూ నవ్వుతాడు. లోపల రాసొచ్చిన వ్యాజస్తుతికీ ఇక్కడ చూస్తున్న బొమ్మకీ చుట్టరికం ఉందని ఇతనికి ఎవరూ చెప్పలేదు. తెలుగు మాస్టారికి కార్టూను సాహిత్యం కాదు. సోషల్ మాస్టారికి అది సిలబస్ కాదు. పేపరు చదవమని మాత్రం అందరూ చెబుతారు, పోటీ పరీక్షల కోసం. అందులో నవ్వించే మూలని ఎలా చదవాలో ఎవరూ చెప్పరు. అది తనంతట తనే అర్థమైపోతుందని నమ్మకం.

అర్థం కావడం లేదు. కాకపోవడం వల్ల జరిగే నష్టం అందరికీ ఒక్క తీరుగానూ లేదు. మేం రాస్తున్నది ఈ రెండో సంగతి గురించి.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కొంతకాలంగా మేం ఇంటర్, డిగ్రీ విద్యార్థులతో కూర్చుని పేపర్లు చదువుతున్నాం. మూడూ ఒకప్పుడు గుంటూరు జిల్లా ఊళ్లే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అటు పోయింది, తెనాలి ఇటు మిగిలింది. రైలు మాత్రం ఇప్పటికీ తెనాలిలోనే చీలుతుంది. ఒక దారి బాపట్ల మీదుగా చెన్నై వైపు, ఇంకోటి రేపల్లెలో ఆగిపోయేది. మా దగ్గరికొచ్చే పిల్లల్లో సగానికి సగం ఈ రైళ్లలో తిరిగేవాళ్లు. చేతిలో ఫోను, ఫోనులో ముక్కలు ముక్కలుగా కోసిన వీడియోలు. పేపరు కొనేవాళ్లు తక్కువ. పేపర్లోని బొమ్మ ఫోనులోకొచ్చాక చూసేవాళ్లు ఎక్కువ.

ఈ నేలకి నవ్వు కొత్త కాదు. వికటకవి పేరులోనే ఊరుంది. కాంతం కథల మునిమాణిక్యం నరసింహారావుది తెనాలి పక్కనున్న సంగం జాగర్లమూడి. త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలిలో సూతాశ్రమం కట్టుకుని పురాణాలను తిరగేసి నిలదీశాడు. ఈ ఇద్దరి నవ్వూ ఒకటి కాదు. మునిమాణిక్యం నవ్వు ఇంట్లో నవ్వు, ఎవరి కుర్చీ కదలదు. రామస్వామిది పీఠం మీద కూర్చున్నవాణ్ణి దిగమనే నవ్వు. ఉర్దూలో ఎప్పుడూ జంటగానే అంటారు, ‘తంజ్-ఓ-మిజాహ్’ అని. జంటగా అన్నంత మాత్రాన తంజ్, మిజాహ్ ఒకటైపోవు. మిజాహ్‌కి మనిషి చాలు. తంజ్‌కి ఒక గురి కావాలి. గురి అన్నాక దిక్కు ఉంటుంది, పైకో కిందకో. మన క్లాసురూముల్లో చెప్పకుండా వదిలేస్తున్నది ఈ దిక్కు సంగతే.

సాధనాల కొరత లేదు మనకి. వ్యాజస్తుతి అంటే పొగుడుతున్నట్టే తిట్టడం. ఉర్దూ, ఫార్సీ అలంకారశాస్త్రంలో దీని పేరు ‘హజ్వ్-ఎ-మలీహ్’. తెలుసుండీ తెలియనట్టు నటించి అడగడాన్ని ‘తజాహుల్-ఎ-ఆరిఫానా’ అంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఢిల్లీ, లక్నోల్లో సౌదా అనే మహాకవి ఉండేవాడు. ఎవరి మీదైనా కోపం వస్తే గుంచా అనే నౌకరుని కలందాన్ పట్టుకురమ్మనేవాడని కథ. ఆ మాట వినపడితే పెద్దపెద్ద అమీర్లకి గుండె జారేదట. పేపర్లలో మంత్రిగారి ‘దూరదృష్టి’ని మెచ్చుకునే వ్యంగ్య కాలమ్ హజ్వ్-ఎ-మలీహ్ కాక మరేమిటి? సర్కారు కార్యాలయానికి వెళ్లి ‘లంచం అంటే ఏమిటండీ?’ అని అడిగే కార్టూను అమాయకుడు చేస్తున్నది తజాహుల్ కాక మరేమిటి? ఈ పేర్లతో చెబితే విద్యార్థులకి వెంటనే అందుతోంది. బాపట్లలో ఒక అమ్మాయి, తెలుగు మీడియం, మాతో అంది: “సార్, మా నానమ్మ కోడళ్లని ఇలాగే మెచ్చుకుంటుంది.” అంతకంటే మంచి ఉదాహరణ ఏ లక్షణ గ్రంథంలోనూ లేదు.

ముందు చెప్పాల్సింది ఇంకోటుంది. వ్యంగ్యంలో మాట్లాడేవాడు రాసినవాడు కాడు. 1729లో జోనతన్ స్విఫ్ట్ ఒక చిన్న పుస్తకం వేశాడు. ఐర్లండ్ పేదలు తమ పిల్లల్ని ఏడాది వయసులో ధనికుల భోజనానికి అమ్ముకుంటే దేశ దారిద్ర్యం తీరుతుందని అందులో లెక్కలతో సహా ఒక ప్రతిపాదన. బి.ఏ. ఇంగ్లీషు చదివిన ప్రతివాళ్లకీ తెలిసిన రచనే. దాని సారాంశం తెలుగులో చదివి వినిపిస్తే రేపల్లె విద్యార్థులు మొదటి పది నిమిషాలూ మండిపడ్డారు. ‘వీడు మనిషేనా సార్’ అన్నారు. ఆ కోపం తప్పు కాదు. స్విఫ్ట్‌కి కావలసిందీ ఆ కోపమే. అయితే అది లెక్కలేస్తున్న ఆ పెద్దమనిషి దగ్గరే ఆగిపోకూడదు. అలా లెక్కలేసే భూస్వాముల దాకా, వాళ్లని కాచే ప్రభుత్వం దాకా పోవాలి. ఆ దూరం నడిపించడమే పాఠం.

పిల్లలకి తెలియలేదని పెద్దలు చిన్నబుచ్చనక్కర్లేదు. 2009 సెప్టెంబరులో బంగ్లాదేశ్‌లో రెండు దినపత్రికలు, చంద్రుడి మీద కాలు పెట్టడం బూటకమని నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒప్పుకున్నాడని వార్త వేశాయి. అది అమెరికాలోని ‘ది ఆనియన్’ అనే వ్యంగ్య పత్రిక కల్పన. తర్వాత క్షమాపణ చెప్పుకున్నాయి. 2012 సెప్టెంబరులో ఇరాన్‌లోని ఫార్స్ వార్తాసంస్థ అదే ఆనియన్ నుంచి, అమెరికా పల్లెల్లోని తెల్లవాళ్లు ఒబామా కంటే అహ్మదీనెజాద్‌నే ఇష్టపడుతున్నారనే ‘సర్వే’ని ఎత్తి వార్తగా ఇచ్చింది. డెస్కులో కూర్చున్న సబ్ఎడిటర్లే మోసపోయారు. ఎందుకంటే వ్యంగ్యం చుట్టూ ఒక చట్రం ఉంటుంది: పత్రిక పేరు, శీర్షిక, వేసిన చోటు, చదివేవాళ్ల అలవాటు. ఆ చట్రం ఊడదీసి లోపలి ముక్కనొక్కదాన్నే పంపిస్తే అది వార్తలాగే కనిపిస్తుంది. వాట్సాప్ చేసేది సరిగ్గా ఇదే. తెలంగాణ నుంచి వచ్చే ‘తీన్మార్’ వంటి కార్యక్రమాల్లో వార్తా వేళాకోళమూ కలిసే నడుస్తాయి. టీవీలో చూసేవాడికి అది తెలుసు. పదిహేను సెకండ్ల ముక్క చూసినవాడికి ఏది వార్తో ఏది వెటకారమో ఎలా తెలుస్తుంది?

ఇంతవరకూ అందరి సమస్య. ఇక మా సమస్య.

తెలుగు పత్రికల కార్టూన్లలో ముస్లిం ఎప్పుడొస్తాడు? ఇరవై ఏళ్లకు పైగా డెస్కుల్లో కూర్చుని చూసిందే మేం చెబుతున్నాం. రంజాన్ విందులో నాయకుడి పక్కన టోపీతో వస్తాడు. ఎన్నికలప్పుడు ఓటు పెట్టెగా వస్తాడు. బాంబు పేలిన మర్నాడు వస్తాడు. గ్యాస్ ధర పెరిగిందన్న కార్టూన్లో రాడు. కరెంటు కోత కార్టూన్లో, రేషన్ క్యూలో, ఆసుపత్రి వరండాలో, రోడ్డు గుంతలో పడ్డవాళ్లలో రాడు. తెనాలిలో సైకిల్ షాపు నడిపే సాయిబుకి గ్యాస్ ధర పెరగదా? 1951 నుంచి ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడు ఈ దేశపు కార్టూన్ కళకే గర్వం. మాకూ ఇష్టమే. పంచె, గళ్ల కోటు, కళ్లజోడు. నోరు విప్పడు, చూస్తుంటాడు. ఆ చూపులోనే విమర్శంతా ఉంటుంది. అయితే ఆ సామాన్యుడికి ఒక వేషం ఉంది, ఆ వేషానికి ఒక కులమూ మతమూ లింగమూ తెలియకుండానే ఉన్నాయి. అతన్ని చూసి దేశమంతా ‘నేనే’ అనుకోవాలి. టోపీ పెట్టుకున్నవాణ్ణి గీస్తే మాత్రం దేశం ‘వాళ్లు’ అనుకుంటుంది. సామాన్యుడు కావడానికి వీల్లేనివాడు ప్రత్యేకంగానే కనిపిస్తాడు. ప్రత్యేకంగా కనిపించేవాడు అనుమానంగానూ కనిపిస్తాడు.

కార్టూనిస్టుకి గీతలు తక్కువ, గుర్తులు కావాలి, ఆ ఇబ్బంది మాకు తెలుసు. గడ్డం, టోపీ, గళ్ల లుంగీ వేస్తే చూసేవాడికి సెకండులో తెలుస్తుంది. అయితే ఆ గుర్తు ఏ అర్థాన్ని వెంట తెస్తోందో చూడాలి కదా. 2020 మార్చిలో, కరోనా మొదలైన రోజుల్లో, ‘ది హిందూ’ పత్రిక ఒక కార్టూను వేసింది. వైరస్ తుపాకీ పట్టుకుని భూగోళాన్ని బెదిరిస్తుంటుంది. ఆ వైరస్ ఒంటి మీద పఠానీ దుస్తులు. అభ్యంతరాలు వచ్చాక పత్రిక విచారం తెలిపి బొమ్మ మార్చింది. మేం ఎంచుకున్నది మతతత్వ పత్రికని కాదు, సెక్యులర్‌గా పేరున్న పత్రికని. గీసినవాడు ముస్లింలని నిందించాలనుకున్నాడని మేం అనడం లేదు. ప్రమాదాన్ని మనిషిగా గీయాల్సొచ్చినప్పుడు చెయ్యి ఏ బట్టల వైపు అలవాటుగా పోయిందో అదే అడుగుతున్నాం. కొద్దిరోజులకే తబ్లీగీ జమాత్ పేరుతో టీవీల్లో ఏం జరిగిందో అందరూ చూశారు. ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువుల్ని చేశారని, మీడియా ప్రచారం అన్యాయమని చెప్పింది. తీర్పు చదివినవాళ్లెందరు? బొమ్మ చూసినవాళ్లెందరు?

ఇటువంటి బొమ్మని క్లాసులో పెడితే ఏమవుతుంది? అందరూ నవ్వుతారు. ఒక్కరు నవ్వరు. మాష్టారు ఆ ఒక్కరి వైపు చూసి ‘హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలమ్మా’ అంటారు. మంచి మనసుతోనే అంటారు. మా వ్యాసమంతా ఈ ఒక్క వాక్యం మీద ఫిర్యాదు. నవ్వని ఆ అమ్మాయికి హాస్యగ్రంథి లోపించలేదు. క్లాసులో ఆ కార్టూన్ని చదివింది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు చూశారు, ఆమె చదివింది. గీత ఎక్కడ మొదలై ఎవరి మీదకి పోతోందో ఆమె ఒంటికి ముందు తెలిసింది. దానికి మాటలు ఇవ్వడమే మాష్టారి పని. ‘నీకెందుకు నవ్వు రాలేదో చెప్పు, విందాం’ అనాలి. అనడం లేదు. ఆమె ఇంటికెళ్లి అమ్మీతో కూడా చెప్పదు. మర్నాటి నుంచి అందరితో కలిసి నవ్వడం నేర్చుకుంటుంది. మన విద్యావిధానం దీన్ని సర్దుబాటు అంటుంది.

సినిమాల్లో ఈ పాఠం ఎప్పుడో పూర్తయింది. తెరమీద సాయిబు నోరు విప్పితే చాలు, క్రియకి లింగం తప్పించి, చివర ఒక ‘హై’ అంటించి, హాలంతా నవ్వుకి సిద్ధం. తెలంగాణ భాషకీ ఇదే జరిగింది చాలా ఏళ్లు, విలన్లకీ జోకర్లకీ తప్ప తెరమీద ఆ భాష లేదు. తెలంగాణవాళ్లు ఉద్యమం చేసి దాన్ని వార్తల భాషగానే మార్చుకున్నారు. ఇప్పుడు ఆ భాషలో మాట్లాడేవాడు నవ్విస్తున్నాడు గానీ నవ్వులపాలు కావడం లేదు. మా భాషకి అలాంటి రోజు రాలేదు. ‘సాయిబు సంపాదన బీబీ బురఖాకే సరి’ అన్న సామెత మాత్రం ఏ క్లాసులోనైనా ఇప్పటికీ పలుకుతుంది.

ఇది మా ఒక్కరి గొడవ కాదనడానికి 2012 గుర్తు చేసుకోవాలి. పదకొండో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. రాజనీతిశాస్త్ర పుస్తకంలో శంకర్ 1949లో వేసిన కార్టూను ఉంది. రాజ్యాంగం అనే నత్త మీద అంబేద్కర్ కొరడాతో, వెనక నెహ్రూ కొరడాతో. ఆ పుస్తకం 2006 నుంచీ బడుల్లో ఉంది. 2012 మే నెలలో పార్లమెంటులో గొడవైంది. పుస్తకానికి సలహాదారులైన యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. పుణెలో పల్షీకర్ ఆఫీసు మీద దాడి జరిగింది. తర్వాత సుఖదేవ్ థోరట్ కమిటీ అనేక కార్టూన్లు తీసెయ్యమంది. కమిటీలో ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఒక్కరు విభేదించారు.

అప్పుడు మన మేధావులు రెండుగా చీలారు. కార్టూను అర్థం చేసుకోలేనివాళ్ల గొడవ ఇది అని కొందరు. తీసేస్తే తప్ప గౌరవం నిలవదని కొందరు. మాకు రెండూ నచ్చలేదు. నిజానికి ఆ పుస్తకాలు ఈ దేశంలో వ్యంగ్యాన్ని క్లాసులోకి తెచ్చిన తొలి పెద్ద ప్రయత్నం. పక్కన ఉన్నీ, మున్నీ అని ఇద్దరు పిల్లలు కొంటె ప్రశ్నలు వేస్తుంటారు. పాఠ్యపుస్తకంలో ప్రశ్నలు వేసే పిల్లలు కనిపించడమే గొప్ప. వాటిని రాసినవాళ్ల సదుద్దేశం మీద మాకు అనుమానం లేదు. కానీ కొరడా గురించి ఒక మాట చెప్పాలి. ఢిల్లీలో కూర్చున్న పండితుడికి ఆ కొరడా తొందరకి గుర్తు. తెనాలి నుంచి బాపట్ల పోయే రైలు చుండూరు మీదుగా పోతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపిన చుండూరు. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసిన చుండూరు. ఆ స్టేషన్లో ఎక్కి కాలేజీకొచ్చే పిల్లవాడికి అంబేద్కర్ వెనక కొరడా పట్టుకున్న బ్రాహ్మణ ప్రధాని తొందరకి గుర్తుగా కనబడతాడా? శంకర్ ఏమనుకుని గీశాడన్నది ఒక ప్రశ్న. ఇప్పుడు ఇక్కడ ఎవరికి ఎలా కనబడుతోందన్నది ఇంకో ప్రశ్న. రెండూ క్లాసులో ఒకేసారి అడగాల్సినవి. పార్లమెంటు మొదటిదాన్ని అడగనివ్వలేదు. మేధావులు రెండోదాన్ని అడగనివ్వలేదు. బొమ్మ పోయింది, పాఠమూ పోయింది.

మా వాళ్ల సంగతికి వద్దాం. 2005 సెప్టెంబరు 30న డెన్మార్క్ పత్రిక ‘యిలాండ్స్-పోస్టెన్’ ప్రవక్త మీద పన్నెండు బొమ్మలు వేసింది. భావప్రకటనా స్వేచ్ఛకి పరీక్ష అంది. అదే పత్రిక 2003లో క్రీస్తు మీద ఒక కళాకారుడు పంపిన కార్టూన్లని, పాఠకులు నొచ్చుకుంటారని తిప్పి పంపిందని 2006లో బయటపడింది. ఈ ఒక్క సంగతి చాలు విశ్లేషణకి. ఏ నొప్పి నొప్పిగా లెక్కకొస్తుంది, ఏది అసహనంగా లెక్కకొస్తుంది? ఈ ప్రశ్న అడగడానికి రాయి పట్టుకోనక్కర్లేదు. 2015 జనవరి 7న పారిస్‌లో ‘షార్లీ హెబ్దో’ ఆఫీసులో చొరబడి హంతకులు పన్నెండు మందిని చంపారు. చనిపోయినవాళ్లలో పోలీసు అహ్మద్ మెరాబె ఉన్నాడు. ఆ పత్రిక కాపీ దిద్దే ముస్తఫా ఉర్రాద్ ఉన్నాడు, అల్జీరియాలో పుట్టి, తనంతట తాను చదువుకుని, ఫ్రెంచివాళ్ల ఫ్రెంచిని సరిదిద్దినవాడు. పాత్రికేయులం కాబట్టి మాకు ఆ ప్రూఫ్‌రీడరే ముందు గుర్తొస్తాడు. షార్లీ హెబ్దో కార్టూన్లు చాలావాటిని మేం తప్పుబడతాం. పారిస్ శివార్లలో ఉద్యోగాల్లేక ఉన్న అరబ్బు కుర్రాడి నమ్మకాన్ని ఎగతాళి చెయ్యడం పీఠాన్ని కదపడం కాదు. ఈ మాట మేం రాస్తాం, క్లాసులో చెబుతాం, సభలో వాదిస్తాం. తుపాకీ పట్టుకున్నవాడు ఈ మాటనే మా నోట్లోంచి లాక్కుపోయాడు. ఆ రోజు తర్వాత ‘ఈ బొమ్మ తప్పు’ అనే ప్రతి ముస్లిం ముందుగా ‘నేను హంతకుణ్ణి కాను’ అని చెప్పుకోవాల్సొస్తోంది.

సెక్యులర్ మిత్రులు అంటుంటారు, మీ సమాజంలో వ్యంగ్యానికి చోటు లేదని. ఉర్దూ రాకపోవడం వల్ల అంటారు, దురుద్దేశంతో కాదు. 1877లో లక్నోలో మున్షీ సజ్జాద్ హుస్సేన్ ‘అవధ్ పంచ్’ పెట్టాడు. లండన్ ‘పంచ్’ని చూసి పెట్టినదే, అయినా బుద్ధి మాత్రం లక్నోది. హిందువులూ ముస్లింలూ కలిసి రాశారందులో. దొరతనాన్ని దెప్పారు, సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌నీ వదల్లేదు. హైదరాబాద్‌లో 1968లో సయ్యద్ ముస్తఫా కమాల్ ‘షగూఫా’ మొదలుపెట్టాడు. పూర్తిగా హాస్యవ్యంగ్యాలకే నడిచిన ఉర్దూ మాసపత్రిక. ‘సియాసత్’లో 1962 నుంచి వ్యంగ్య కాలమ్ రాసిన ముజ్తబా హుస్సేన్‌కి 2007లో పద్మశ్రీ వచ్చింది. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టానికి నిరసనగా దాన్ని వాపసు చేస్తానని ప్రకటించాడు. 2020 మేలో చనిపోయాడు. జీవితమంతా నవ్వించినవాడు చివరిగా చేసిన పని అది. ఆయన రచనలు రేపల్లె పిల్లవాడికి ఎవరు చేరవేశారు? తెలుగులో స్విఫ్ట్ గురించి రాసినంత కూడా ముజ్తబా గురించి రాయలేదు మనం.

అలాగని ఆ సంప్రదాయమంతా పైకి గురిపెట్టిందే అనుకోనక్కర్లేదు. అక్బర్ ఇలాహాబాదీ ఇంగ్లీషు చదువుల మోజుని ఎంత పదునుగా కొట్టాడో పరదా వదిలి బయటికొచ్చిన ఆడవాళ్లనీ అంతే పదునుగా కొట్టాడు. మొదటిది దొర మీద, రెండోది ఇంట్లో ఆడబిడ్డ మీద. మా పెద్దలు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని దాటేస్తారు. విద్యార్థినులు దాటెయ్యడం లేదు, అది మాకు సంతోషం. ఇంకా దగ్గరికి వస్తే, ఈ గుంటూరు ప్రాంతమంతా దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఉర్దూ మాట్లాడే ముస్లింలు వాళ్ల మీద వేసే జోకులు ఎన్నో. నమాజు రాదని, పేరు సగం తెలుగని, ఉర్దూ పలికితే దూది వడికినట్టుందని. బయట క్లాసులో ‘సాయిబు’ జోకుకి నవ్వలేక తలదించుకున్న కుర్రాడే పెళ్లి పందిట్లో దూదేకుల జోకు వేసి పకపకా నవ్వుతాడు. దిక్కు గురించి మాట్లాడేటప్పుడు ఈ పెళ్లి పందిరిని వదిలేసి మాట్లాడలేం.

తెలుగులో మా గొంతు వ్యంగ్యాన్ని సాధనంగా ఎలా పట్టుకుందో చూపించడానికి ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ ఉంది. 1991లో వచ్చింది. ముస్లిం మీద మోపిన నేరాల్ని తనే ఒప్పుకుంటున్నట్టు మాట్లాడుతూ, మోపినవాణ్ణే బోనెక్కించే రచన. తజాహుల్ అంటే ఏమిటో దానికి మించి పాఠం లేదు. మేం దాన్ని కార్టూన్ల పక్కన పెట్టి చదివిస్తున్నాం. ఒక ముస్లింని వస్తువుగా చేసిన వ్యంగ్యం, ఒక ముస్లిం కర్తగా నిలబడ్డ వ్యంగ్యం. పక్కపక్కన పెడితే వ్యాఖ్యానం చెప్పనక్కర్లేదు.

అయినా కర్తగా నిలబడటం అందరికీ ఒకటే ధరకి దొరకదు. 2021 జనవరి 1న ఇందోర్‌లో మునవ్వర్ ఫారూఖీని అరెస్టు చేశారు. ఆ రోజు వేదిక మీద ఇంకా వెయ్యని జోకులకి. ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు తాత్కాలిక బెయిలిచ్చేదాకా జైల్లోనే. 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో అతని కార్యక్రమం జరగడానికి భారీగా పోలీసు పహరా పెట్టాల్సొచ్చింది. ఇది మతం సంగతే అనుకుంటే పొరపాటు. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో, శాసనమండలి మీద వ్యంగ్యచిత్రం పెట్టాడని ఫేస్‌బుక్ పేజీ నడిపే ఒకర్ని తుళ్లూరు పోలీసులు హైదరాబాద్ వెళ్లి పట్టుకొచ్చారు. తుళ్లూరు తెనాలికి ఎంత దూరం? ఆ తర్వాత పాలకులు మారారు, ఆ అలవాటు మారలేదు. విద్యార్థులు ఈ సంగతులు తెలుసుకోవాలి. వ్యంగ్యం చదవడం నేర్పుతూ, రాస్తే ఏమవుతుందో చెప్పకపోవడం సగం చదువే.

ఇంతకీ మేం క్లాసులో చేస్తున్నదేమిటి? పెద్ద పద్ధతేం లేదు. కార్టూను కింద రాసిన మాటని కాగితంతో మూసేస్తాం. బొమ్మ ఒక్కటీ ఏం చెబుతోందో రాయమంటాం. తర్వాత కాగితం తీస్తాం. బొమ్మలో ఎవరు ఎంత పెద్దగా ఉన్నారు, ఎవరి నోరు తెరిచి ఉంది, ఎవరి ముఖం కనబడటం లేదు అని అడుగుతాం. ఈ బొమ్మలో లేనివాడు ఎవడు అని అడిగినప్పుడు అసలు చర్చ మొదలవుతుంది. టోపీ తీసేసి అదే బొమ్మ గియ్యమంటాం, అర్థం నిలబడుతుందేమో చూడ్డానికి. నిలబడితే టోపీ అనవసరం. నిలబడకపోతే ఆ జోకంతా టోపీలోనే ఉందన్నమాట. వాట్సాప్ ముక్క వస్తే దాని చట్రం వెతికి పట్టుకురమ్మంటాం: ఎక్కడిది, ఎవరిది, ఏ రోజుది. ఈ వెతుకులాట వాళ్లకి బాగా నచ్చుతోంది. దొంగని పట్టుకునే ఆటలా ఉందిట.

మాష్టార్ల వైపు నుంచి ఒక అభ్యంతరం తరచూ వస్తోంది. ఇట్లా విడగొడితే నవ్వు చచ్చిపోతుందంటారు. చావడం లేదు. గురి సరిగ్గా ఉన్న కార్టూను విడగొట్టిన కొద్దీ ఇంకా నవ్విస్తోంది. విడగొడితే చచ్చేది కింద పడ్డవాడి మీద వేసిన జోకే, దానికి మేం సంతాపం చెప్పం. అసలు ఇబ్బంది వేరే ఉంది. పరీక్షల్లో ఇది రాదు. రాని పాఠానికి పీరియడ్ ఇవ్వరు. శనివారం మధ్యాహ్నాలు, క్రికెట్ లేని రోజులు, అడిగి అడిగి తీసుకుంటున్నాం.

పోయిన నెల రేపల్లెలో గ్యాస్ ధర మీద కార్టూను గియ్యమన్నాం. ఇరవై పైచిలుకు బొమ్మలొచ్చాయి. చాలావాటిలో పంచె కట్టిన పెద్దమనిషే, లక్ష్మణ్ బొమ్మకి మనవలు. ఒక్కదాంట్లో బురఖా వేసుకున్న ఆవిడ ఖాళీ సిలిండరు మీద కూర్చుని, ప్రధానమంత్రి ఫోటో ఉన్న గోడకేసి చూస్తోంది. కింద మాటేమీ రాయలేదు. గీసింది ముస్లిం అమ్మాయి కాదు. ఎందుకిలా గీశావమ్మా అని అడిగితే, “మా పక్కింటి బూబమ్మ సార్, మొన్న నిజంగానే అట్లా కూర్చుంది” అంది.